సులోచనక్క చదివిన అధ్యాయం

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం కాస్త తేలిక. తెలుగు చదవడం సరిగా రాకుండానే ఒక తెలుగు పుస్తకాన్ని సరిచూసే పని ఒప్పుకున్నాను. అది బయటపడకూడదని, చక్కగా చదివే ఒకామె నోరు మూయించాను.

మాది కడంబత్తూరు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. మాట్లాడమంటే గంటలు మాట్లాడతాను. అక్షరాలు మాత్రం, తిరుపతి బస్సు బోర్డు కూడా కూడబలుక్కునే చదివేవాణ్ణి. ఒక పాత తత్వగ్రంథాన్ని అందరూ ఉచితంగా వినేలా చదివి రికార్డు చేసే బృందం ఫోనులో పరిచయమైంది. దాన్ని నడిపేది అనంతపురంలో ఉండే రిటైరైన మాస్టారు ఒకాయన. అరవదేశంలో ఉండి కూడా తెలుగు మీద ఇంత ప్రేమా అని ఆయన మెచ్చుకుంటే ఉబ్బిపోయాను. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు. నేనెందుకు చెబుతాను? గ్రూపులో అందరూ రాస్తుంటే నేను గొంతు రికార్డు చేసి పంపేవాణ్ణి. నాకు 'వాయిస్ అన్న' అని పేరు కూడా పెట్టారు.

పద్ధతి ఇది. ఒకరు అధ్యాయం చదివి పంపుతారు. ఇంకొకరు పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి మాటా సరిచూస్తూ వింటారు. నాది వినే పని. ఆఫీసుకు పోయే రైల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాణ్ణి. పుస్తకం సంచిలోనే ఉండేది. తడబాటు వినిపించకపోతే 'సరి' అనేసేవాణ్ణి. మోసమని తెలియదా? తెలుసు. ఎవరికి నష్టంలే అనుకున్నాను.

సులోచనక్కది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై, సేద్యం చేసే కుటుంబం. తెలుగు చదవడం తన నాన్న దగ్గర కూర్చుని నేర్చుకుంది. శబ్దం రాకూడదని ఫ్యాను ఆపేసి, దుప్పటి కప్పుకుని, చెమటలు కారుతుండగా చదివి పంపేది. ఆమె అధ్యాయానికీ నేను సరి అన్నాను. మర్నాడు తనే ఫోను చేసింది. ఎక్కడో కొంచెం వదిలేసి చదివానేమోనని ఆమెకు అనుమానం.

"ఇంటికి రా నాయనా, ఇద్దరం కూచోని చూద్దాం. పుస్తకం నువ్వు పట్టుకో. యాడ పోయిందో నువ్వే సదివి చెప్పు."

పోతే నా గుట్టు బయటపడుతుంది.

"దానికింత ఎందుకక్కా. అసలు నీ యాసే పుస్తకానికి ఒప్పదు. అరవం కలిసినట్టుండాది."

"మనమంతా ఇట్లనే కదా మాట్లాడేది," అనింది.

"మాట్లాడేది వేరే, సదివేది వేరే అక్కా."

మాస్టారికీ అదే చెప్పాను. నమ్మారు. ఆ అధ్యాయం వేరేవాళ్లతో చదివించారు. అక్క గ్రూపులోంచి తప్పుకుంది.

భయంతోనే అన్నానా? లేక నాలాగే మాట్లాడే మనిషి నాకు రానిదాన్ని అంత సులువుగా చదువుతుంటే ఓర్చుకోలేక, నా నాలుక మీదున్న యాసనే ఆమె తప్పుగా చూపించానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ ఉన్నాయనుకుంటాను.

సిగ్గు మాత్రం నన్ను వదల్లేదు. పూర్తయిన రికార్డింగు పెట్టుకుని, పుస్తకం ఒళ్లో తెరిచి, వినిపించే మాట కింద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాను. అప్పట్లో చేశానని చెప్పుకున్న పనిని ఇన్నాళ్లకు నిజంగా చేశాను. మెల్లగా అక్షరాలు పట్టుబడ్డాయి. అప్పుడు అక్క పాత రికార్డింగు తీసి సరిచూశాను. ఒకే ఒక్క పేరా వదిలేసింది. మళ్లీ చదివి చేరిస్తే అయిపోయేది.

ఈమధ్య మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క ఆ పేరా చదివి ఇస్తే ఆమె రికార్డింగును కూడా పెడదామన్నారు. దాంతో కే.జీ.కండిగై పోక తప్పలేదు.

అక్క వసారాలో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. అంతా చెప్పాను. తల ఎత్తకుండా వినింది. రోజూ సాయంత్రం వాళ్ల మామగారికి ఏదో ఒకటి చదివి వినిపించేదట. ఆయనకు చూపు ఆనదు. నా మాట విన్నప్పటినుంచి తన నోటి తెలుగే మంచిది కాదనుకుని మానేసిందట. ఆయన కొన్నాళ్లు అడిగి, అడగడం మానేశారట. ఇది నేను ఊహించలేదు. ఎవరికి నష్టమో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది.

ఏ పేరా అని అడిగింది. పుస్తకం తీసి అక్కడే చదివాను. రెండు చోట్ల ఆపి దిద్దింది. ఎవరమ్మా ఆ సదివేది అని లోపలినుంచి మామ అడిగారు.

"ఇప్పుడిప్పుడే సదవను నేర్చుకుంటా ఉండాడు మామా," అనింది అక్క.

క్షమించానని అనలేదు. పేరా చదివి ఇస్తానని కూడా అనలేదు. పుస్తకం మాత్రం నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. నేను ఖాళీ చేతులతో బస్సెక్కాను. అక్క దగ్గర దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.