గుట్ట ఎక్కాల్సిన కాలు

2022 ఎండాకాలం. అనంతపురంలో కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రంలో టెక్నీషియన్‌గా అది నాకు తొమ్మిదో ఏడు. ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఓబులమ్మకు అప్పటికే అరవై దాటాయి. షుగర్ మనిషి. ముల్లు గుచ్చుకున్న పుండు ముదిరి, కాలు మోకాలి కిందికి తీసేశారు. భర్త లేడు. ముప్పై గొర్రెలే ఆమె బతుకు.

మొండికాలు దిగే గిన్నెలాంటి భాగాన్ని మేము సాకెట్ అంటాం. అది బాగా కుదిరింది. మా హాల్లో ఆమె ఊతం లేకుండా నడిచింది. ఫైల్లో 'సంతృప్తికరం' అని రాసి పంపించాను.

రెండు నెలలకు చంకకర్ర మీద వచ్చి, గోనెసంచిలోంచి కాలు తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఈ కాలు మీ గచ్చు మీద నడుస్తాది నాయనా. మా గుట్ట మీద నడవదు."

ముసలివాళ్లకు అలవాటు కాదులే, చంకకర్రతోనే సర్దుకోమను అన్నాడు మా సీనియర్. నేనూ ఇంకొన్నాళ్లు చూడమనే చెప్పాను. ఆమె కదల్లేదు. పక్కింటివాళ్లు ఇంకెన్నాళ్లు గొర్రెల్ని మేపుతారని, అవి అమ్ముకుంటే తనను కూలికి పిలిచేవాళ్లు కూడా ఉండరని చెప్పింది.

"రెండు బస్సులు మారి నేను ఈడికొచ్చినా. నువ్వు ఒకసారి ఆడికి రా."

ఆ ఆదివారం వెళ్లాను. ఆమె కాలు తొడుక్కుని గొర్రెల వెంట నడుస్తుంటే వెనకే నడిచాను. గొర్రెలు మేపే మనిషి తిన్నగా నడవదు. పక్కకు తిరుగుతుంది, వంగుతుంది, గులకరాళ్ల మీద దిగుతుంది. దిగేటప్పుడు మడమ ఆనగానే ఆ కాలు ఆమె మోకాలిని ముందుకు తోసేస్తోంది. చెమటకు సాకెట్ జారుతోంది. బండ మీద కూర్చుని విప్పి చూపించింది. చర్మమంతా బొబ్బలు. నాకు సిగ్గేసింది.

బొబ్బలు మానేదాకా కాలు తొడగొద్దన్నాను. సీనియర్‌తో వాదించి కొత్త సాకెట్ చేసి, మెత్తటి మడమ ఉన్న పాదం బిగించి, మళ్లీ గుట్టకే పోయాను. పాదం కోణాన్ని మరలతో సరిచేయడాన్ని అలైన్‌మెంట్ అంటారు. హాల్లో చేసే ఆ పనిని రాళ్ల మధ్య కూర్చుని చేశాను. ఆమె దిగి చూడడం, నేను మర తిప్పడం. నాలుగుసార్లయ్యాక ఈరోజుకు చాల్లే అవ్వా అన్నాను.

"ఇంగొంచెం తిప్పు నాయనా. నాలుగుసార్లకే గొర్రెలు ఆగుతాయా?"

ఏడోసారి చేతికర్ర సాయంతో కింది దాకా దిగింది. మరీ నిట్టనిలువుగా ఉన్న వైపు ఇప్పటికీ పోలేదు. కానీ గొర్రెలు అమ్మలేదు. రోజూ తనే తోలుకుపోతోంది.

కాలు చేసి ఇస్తే నా పని తీరిపోయిందనుకునేవాణ్ణి. మనిషి బతికే నేల మీద అది నిలబడకపోతే ఇచ్చినట్టే కాదని ఓబులమ్మ నేర్పింది. ఇప్పుడు కొలతలు తీసేముందు ఎవరినైనా, రోజూ ఎక్కడ నడుస్తారని అడుగుతాను. కుదిరితే పోయి చూస్తాను.