రూపాయి బిళ్ళతో రెక్క పరీక్ష

బొల్లారం బస్సులో పక్కసీటు మీద నా అట్టపెట్టెను కూర్చోబెట్టాను. సికింద్రాబాద్‌లో ఎక్కిన ఒక పెద్దాయన, "ఏందయ్యా, డబ్బాకు సుత టికెట్ కొట్టించినవా?" అన్నాడు.

పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, గౌరవం పెరుగుతుందేమోనని మూత తీశాను. "విమానం రెక్క నమూనా అండీ. కార్బన్ పొరలు అతికించి చేశాం. కరెంటిస్తే తనంతట తానే వంగుతుంది. ఇవాళ అధికారులకు నచ్చితేనే మా ప్రాజెక్టు నిలుస్తుంది."

గౌరవం పెరగలేదు. "వంగుడేం ముచ్చట? నా మోకాలు సుత వంగుతది," అంటూ ఆయన రూపాయి బిళ్ళతో రెక్కంతా కొట్టుకుంటూ పోయాడు. టక్కుటక్కుమన్న చప్పుడు ఒకచోట డొల్లగా పలికింది.

"ముప్పై ఏండ్లు విమానాలు రిపేర్ చేసిన. ఈడ పొరలు విడిపోయినయ్. జెరసేపు వంగుతది, తర్వాత చిట్లుతది."

"కంప్యూటర్లో అంతా సరిపోయిందండీ."

"అయితే కంప్యూటర్లనే ఎగురు పో."

ఆయన లోతుకుంటలో దిగిపోయాక నేనూ కొట్టి చూశాను. మనిషితో వాదించవచ్చు గానీ చప్పుడుతో కుదరదు.

అధికారుల ముందు రెక్క మూడుసార్లు ముచ్చటగా వంగింది. "మీరు ఇంకోసారి చూపించండి," అన్నారు పెద్ద సారు. స్విచ్ మీంచి చెయ్యి తీసి, లోపల పొరలు విడిపోయాయని చెప్పాను.

ప్రాజెక్టు ఆ రోజుతో ఆగింది. సారు నన్ను 'మీరు' అనడం కూడా.