నూకరాజు సార్ గోడవైపు తిరిగిన రోజు

వానకు తడిసిన బేస్‌బాల్ గ్లవ్ ఆరేటప్పుడు తోలు, కొబ్బరినూనె, చెమట కలిసిన వాసన వస్తుంది. ఈ ఉదయం మా స్కూల్లో ఆటసామాను గది తలుపు తీయగానే అదే వాసన ముక్కుకు తగిలింది. నిన్న నా శిష్యురాలు సుధ విసిరిన బంతి ఎదుటి పిల్ల భుజానికి తగిలింది. దెబ్బ చిన్నదే, కానీ సుధ ఇక బంతి ముట్టనంటోంది. ఆ మాట ఒకప్పుడు నేనూ నూకరాజు సార్‌తో అన్నాను.

ఆయన కాకినాడలో మా కాలేజీ బేస్‌బాల్ జట్టుకు పిచింగ్ కోచ్. బ్యాటు పట్టుకున్న మనిషికి బంతి ఎలా విసరాలో నేర్పడం ఆయన పని. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని ఊళ్ళో ఆ మాట చెబితే, "అదేం ఉద్యోగమండీ?" అని నవ్వేవారు. సార్ వాళ్ళది హార్బరు దగ్గర చేపల వేటకు వెళ్ళే కుటుంబం. చిన్నప్పటి నుంచి వల విసిరిన చెయ్యి కదా, కాలేజీలో చేరిన నెలకే జట్టులోకి తీసుకున్నారట. యూనివర్సిటీకి ఆడారు, రాష్ట్రానికి ఆడారు. ఉన్నట్టుండి అన్నీ మానేసి రెండేళ్ళు తండ్రితో సముద్రం మీదకు వెళ్ళిపోయారు. తర్వాత కాలేజీవాళ్ళు కబురు చేస్తే కోచ్‌గా వచ్చారు. కానీ ఎదురుగా మనిషి ఉండగా ఆయన బంతి విసరడం నేను ఒక్కసారీ చూడలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

రెండో ఏడాది ప్రాక్టీసులో నా బంతి చెయ్యి జారి మా జట్టు కుమారి దవడకు తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. ఆమె రెండు పళ్ళు ఊడిపోయాయి. పది రోజులకే కుమారి నవ్వుతూ గ్రౌండుకు వచ్చింది, నేనే రాలేకపోయాను. బంతి ముట్టుకుంటే చాలు, ఆ చప్పుడు వినిపించేది. ఈసారి కణతకు తగిలితే? యూనివర్సిటీ సెలక్షన్లు వారంలో ఉన్నాయి. అవి పోతే ఆట పోయినట్టే.

"నా వల్ల కాదు సార్. ఎవరో ఒకళ్ళు చచ్చిపోతారు," అన్నాను.

తిడతారనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది. "రేపు పొద్దున్న రామ్మా," అన్నారు, అంతే.

మర్నాడు సార్ కబురు అందుకుని కడియం నుంచి మొక్కల వ్యానులో ఒకాయన దిగారు. పేరు వీర్రాజు గారు, అక్కడ ఆయనకు నర్సరీ ఉంది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే జట్టట. హెల్మెట్ పెట్టుకుని, బ్యాటు తీసుకుని నా ఎదురుగా నిలబడ్డారు.

"వెయ్యమ్మా. ఏం పర్లేదు."

"తగుల్తుందేమోనండీ."

"తగిలితే తగుల్తాది. మీ సారు బంతి దెబ్బ తిన్నవాణ్ణి నేను. మా రోజుల్లో ఈ హెల్మెట్లెక్కడివి! ఈ ఎడం చెవికి వినికిడి అప్పుడు పోయిందే."

సార్ వైపు చూశాను. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"ఇటు తిరగరా నూకరాజూ! ఏంటిది? నువ్వే చూడలేకపోతే ఆ పిల్లెలా వేస్తాది?"

సార్ మెల్లగా తిరిగారు. నేను విసిరాను. మొదటి బంతి ఎటో పోయింది, రెండోదీ అంతే. పది దాటాక ఒకటి సరిగ్గా పడింది. వీర్రాజు గారు అడుగు వెనక్కి వెయ్యలేదు.

తర్వాత టీ బడ్డీ దగ్గర సార్ అడిగారు. "భయం పోయిందా?"

"లేదు సార్."

"నాకూ పోలేదమ్మా. ఏటా వస్తాడు వాడు, ఒక్క బంతి వెయ్యరా అని. ఇన్నేళ్ళూ వెయ్యలేకపోయాను. నువ్వు వేశావు." ఆయన కళ్ళు తుడుచుకుంటే నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ వారం సెలక్షన్లలో భయపడుతూనే విసిరాను, జట్టులోకి వచ్చాను. సార్ పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ పిల్లలు విసిరే ప్రతి బంతికీ నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

నిన్న సుధతో, "రేపు పొద్దున్న రామ్మా," అన్నాను. వచ్చింది. నేను హెల్మెట్ పెట్టుకుని, బ్యాటు తీసుకుని ఎదురుగా నిలబడ్డాను. నాకు భయమేసింది. వీర్రాజు గారికీ ఆ రోజు భయమేసిందో లేదో, నా కంగారులో నేను చూడనే లేదు.

సుధ చెయ్యి ఎత్తి ఆగిపోయింది.

"వెయ్యమ్మా," అన్నాను. "ఏం పర్లేదు."