నా బదులు మా బావ చెప్పిన జవాబు

ఆ రోజు నా చేతిలో పసుపు కొమ్ము విరగలేదు. బాగా ఎండిన కొమ్మే. ఆర్మూర్‌లో పసుపు కొనే సేటు దగ్గర నాది సరుకు చూసే పని. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి టక్కున విరిచి, లోపలి రంగు చూసి చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ రెండు వేళ్ల మీదే మా ఇల్లు నడిచింది. ఆ రోజు వేళ్ల కొసలు వంగలేదు. కొమ్ము జారి కింద పడింది. బాల్కొండ నుంచి సరుకు తెచ్చిన రైతు, "ఏందన్నా, పొద్దుగాల తినలేదా?" అన్నాడు. నేనూ నవ్వాను.

నొప్పి లేదు, తిమ్మిరి లేదు. పెర్కిట్‌లో ఇంటికి చేరాక చూస్తే చొక్కా గుండీ కూడా తీయలేకపోయాను. అప్పుడు భయమేసింది.

అంతకు పది రోజుల ముందు నాకు జ్వరం వచ్చింది. మా అక్క భర్త నందిపేట్ దగ్గర ఒక ఊళ్లో ఆర్‌ఎంపీ. ఆయనే ఇంటికొచ్చి సెలైన్ ఎక్కించాడు. ముంజేతి మీద సూది దిగలేదని మోచేతి మడతలో మూడుసార్లు గుచ్చాడు. ఆ కింద నిమ్మకాయంత ఉబ్బి నల్లగా కమిలింది. "రక్తం జర బయటికొచ్చింది. ఐస్ పెట్టు, పోతది" అన్నాడు. వారంలో వాపు పోయింది. నేను మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

వేళ్ల సంగతి చెప్పగానే బావే ముందు లేచాడు. "ఫికర్ జెయ్యకురా, నేనొస్త. డాక్టర్లతోని నేను మాట్లాడ్త, నువ్వు ఊకో." మా దగ్గర దవాఖానకు పోయేటప్పుడు నాలుగు మాటలు తెలిసినవాణ్ణి తోడు తీసుకుపోతాం. డాక్టరు ఏమడిగినా అతనే చెబుతాడు. రోగి నోరు తెరిచేది నాలుక చూపించడానికే.

నిజామాబాద్‌లో డాక్టరు నా చెయ్యి తిప్పి చూసి, బావను ఇంగ్లీషులో ఏదో అడిగారు. బావ "నో సార్, నో సార్" అన్నాడు. "వీనికి మెడ నొప్పి ఉంటది సార్" అని తనే కలిపాడు. మెడకు ఎంఆర్‌ఐ తీశారు. నలభై దాటిన మెడలో ఏదో ఒకటి కనబడుతుందట, నాకూ కనబడింది. కాలర్ వేశారు. నాలుగు నెలలు ఆ కాలర్‌తోనే తిరిగాను. తగ్గలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. అక్కడా అదే ప్రశ్న, బావ నోట అదే జవాబు. ఈలోగా సేటు నా చోట్లో వేరే మనిషిని పెట్టుకున్నాడు.

ఏడో నెలలో హైదరాబాద్ వెళ్లినప్పుడు బావకు వీలు పడలేదు. నేను, మా ఆవిడ వెళ్లాం. డాక్టరమ్మ, "రెండు వేళ్లూ కలిపి సున్నా చుట్టండి" అన్నారు. నాకు సున్నా రాలేదు, వేళ్లు బల్లపరుపుగా అతుక్కున్నాయి.

"ఇది మెడ కాదు. ముంజేతిలో ఉండే యాంటీరియర్ ఇంటరాసియస్ నర్వ్, ఈ రెండు వేళ్ల కొసలను వంచే నరం. మోచేతి మడతలో ఎప్పుడైనా సూది గుచ్చితే వాచిందా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "వాసింది మేడం! నల్లగ కమిలింది" అంది.

డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేశారు. "రెండు చోట్లా 'నో ఇంజెక్షన్, నో హెమటోమా' అని, అంటే సూదీ గుచ్చలేదు, రక్తమూ గడ్డకట్టలేదని రాసుంది. ఎవరు చెప్పారు?"

బావ "నో సార్, నో సార్" అన్నది దేనికో నాకు అప్పుడు తెలిసింది.

నరం ఎంత పనిచేస్తోందో చూసే ఎన్‌సీవీ టెస్ట్ చేశారు, చేతికి ఎంఆర్‌ఐ తీశారు, తర్వాత ఆపరేషన్. "పాత రక్తం గట్టిపడి నరాన్ని పట్టేసింది. విడదీశాం. మొదట్లోనే వచ్చుంటే పూర్తిగా తగ్గుతుందని ధైర్యంగా చెప్పేదాన్ని" అన్నారు డాక్టరమ్మ.

చూడ్డానికి వచ్చిన బావను అడిగాను, ఎందుకు దాచావని. తల వంచుకున్నాడు. "సర్టిఫికెట్ లేనోన్ని. పేరు బయటికొస్తే నా దుకాణం మూస్తరు. మీ అక్క, పిల్లలు ఏం గావాలె? అదే తగ్గుతదనుకున్న."

"నాకు పిల్లలు లేరా బావా?"

గ్లాసులో నీళ్లు తాగి లేచి వెళ్లిపోయాడు.

సూది తప్పు దిగడం ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. దానికి నాకు కోపం లేదు. కానీ నా పక్క కుర్చీలో కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి, నాకు రాని భాషలో నా చేతిని అమ్మేసుకున్నాడు. అది క్షమించలేదు. క్షమిస్తానని కూడా అనుకోను.

ఆపరేషనై ఏడాదిన్నర అయింది. రోజూ బట్టల క్లిప్పులు నొక్కుతూ ఫిజియోథెరపీ చేస్తున్నాను. బొటనవేలు కొస వంగుతోంది, చూపుడువేలు సగమే. గుండీలు పెట్టుకుంటున్నాను. కొమ్ము విరవలేను. అదే మార్కెట్లో సంచులు కుట్టించే పని చూస్తున్నాను. అక్కకు ఏమీ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా, "మీ బావ నీ చెయ్యి కోసం ఎన్ని దవాఖానలు తిరిగిండురా, యాది పెట్టుకో" అంటుంది. "యాదుంది అక్కా" అంటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. తోడు తీసుకెళ్లండి, బండి నడపమనండి, మందులు తెమ్మనండి. డాక్టరు అడిగినదానికి మాత్రం మీరే చెప్పండి. ఇంగ్లీషులో అడిగితే తెలుగులో అడగమనండి. సిగ్గుపడకండి. నేను సిగ్గుపడ్డాను.