గడియ మీద చెయ్యి

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్ళో పొద్దున పూట పెద్దవాళ్ళెవరూ కనిపించేవారు కాదు. మణుగూరు దారికి లోపలగా, అడవిని ఆనుకొని ఉండేది మా ఊరు. బీడీలు చుట్టే తునికాకు కోయడానికి చీకటితోనే అందరూ అడవిలోకి పోయేవారు. ఎండ నెత్తిమీదికి వచ్చాక ఆకు మూటలతో తిరిగి వచ్చేవారు. ముందురోజు తెచ్చిన ఆకును యాభై ఆకులకొక కట్టగా నారతో కట్టడం ఇంటి దగ్గరున్న పిల్లల పని. నాకు తొమ్మిదేళ్ళు, మా చెల్లెలికి నాలుగు. పక్కింటి పిల్లలిద్దరూ మా అరుగు మీదికే వచ్చి కూర్చునేవారు. అందరిలోకీ పెద్దదాన్ని నేనే.

ఆ ఏడు పక్క గూడెంలో పులి లేగదూడను ఎత్తుకుపోయింది. అందుకని మా అమ్మ రోజూ పోయేముందు ఒకే మాట చెప్పేది. "ఏ సప్పుడైనా సరే, జల్దీ లోపలికి పోయి గడియ పెట్టుకోండ్రి. మేమొచ్చి పిలిసేదాంక తియ్యకుండ్రి." ఊళ్ళో తల్లులందరూ అదే చెప్పేవారు.

ఆ రోజు చాలా విసుగ్గా ఉంది. ఆకులు లెక్కపెట్టీ పెట్టీ మాకు నోరెండిపోయింది. నలభై దగ్గర ఒకరు ఆవులిస్తే అందరం లెక్క తప్పేవాళ్ళం. అప్పుడు వచ్చాడు కళాయి తాత. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడానికి భద్రాచలం నుంచి ఏడాదికోసారి వచ్చే ముసలాయన ఆయన. భుజాన తోలుతిత్తి, గోనెసంచిలో బొగ్గులు, ముఖం నిండా తెల్లగడ్డం. గిన్నెలిచ్చే ఆడవాళ్ళెవరూ ఇళ్ళలో లేరని చెప్పినా పోలేదు, మా అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, ముఖాలు గట్ల ఏలాడేసుకున్నరు? మీరు ఆకుల్ని కడుతున్నరా, ఆకులే మిమ్మల్ని కట్టేసినయా?"

మా మసిగిన్నె ఒకటి తెమ్మని, వాకిట్లో బొగ్గులు రాజేసి, తిత్తి ఊదాడు. కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిచేసరికి నల్లని గిన్నె లోపల వెన్నెలైంది. ఆరాక దాన్ని మా చెల్లెలి ముఖం ముందు పెట్టి, "ఈ కోతిపిల్ల ఎవరింటిదే?" అన్నాడు. అది తన ముఖం తానే చూసుకుని, "పక్కింటోళ్ళది!" అంది. మేం పడీ పడీ నవ్వాం. ఆకులు గాలికి లేచిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

"పగిలినా బాధలేని కుండ ఒకటి ఇయ్యి బిడ్డా. మీకో సుట్టాన్ని పిలుస్త," అన్నాడు నాతో. కుండ తీసుకుని, కన్నుకొట్టి, ఇంటి వెనక్కి పోయాడు. ఎంతసేపైనా రాలేదు. ముసలాయన నిద్రపోయి ఉంటాడనుకుని మేం మళ్ళీ ఆకుల్లో పడ్డాం. మా చెల్లెలు కోడిపిల్లల వెంట ఎటో పోయింది. నేను చూడలేదు.

అప్పుడు ఇంటి వెనక నుంచి గాండ్రింపు వినిపించింది.

అది చెవులతో విన్నట్టు లేదు. కడుపులో విన్నట్టుంది. కోళ్ళన్నీ ఒక్కసారి చెల్లాచెదురయ్యాయి. మేం ఒకరి మీద ఒకరం పడుతూ లోపలికి ఉరికాం. అమ్మ చెప్పినట్టే నేను గడియ పెట్టాను. పెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

అవతలి వైపు చిన్న చేతులు తలుపును కొట్టాయి. "అక్కా! తలుపు తియ్యే!"

రెండోసారి గాండ్రించింది. ఆ చప్పుడులో చెల్లెలి ఏడుపు మునిగిపోయి మళ్ళీ తేలింది. "తియ్యకే! లోపలికొస్తది!" అని పక్కింటి పిల్ల నా లంగా పట్టుకు గుంజింది. నా చెయ్యి గడియ మీదే ఉంది. కొంచెం పైకెత్తితే చాలు. ఎత్తలేకపోయాను. అమ్మ మాట గుర్తుండి కాదు, నాకు భయమై. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మూడోసారి గాండ్రించింది. తర్వాత చెల్లెలి ఏడుపు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని మించిన భయం నాకు మళ్ళీ కలగలేదు. ఎలా తీశానో తెలియదు, గడియ ఊడి కింద పడింది. వాకిట్లో కళాయి తాత మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. మా చెల్లెలు ఆయన గడ్డంలో ముఖం దాచుకుని ఎక్కిళ్ళు పెడుతోంది. దాని అరచేతులు కందిపోయాయి. పక్కన కుండ పడి ఉంది. మూతికి తిత్తి తోలు ముక్క బిగించి, నడుమ చిల్లులోంచి మైనం పూసిన తాడు దూర్చాడు. తడిచేత్తో ఆ తాడు గుంజితే వచ్చిన చప్పుడది. చేలల్లో అడవిపందుల్ని బెదరగొట్టే ఉపాయమని తర్వాత తెలిసింది.

"అందరు కలిసి లోపల నవ్వుతుంటరనుకున్న బిడ్డా. ఆగం జేసిన," అన్నాడు. కుండను ఎత్తి రాయికేసి కొట్టాడు.

మా అమ్మ వచ్చేసరికి చెల్లెలికి ఒళ్ళు వెచ్చబడింది. "పులొచ్చిందమ్మా, అక్కేమో తలుపు..." అని అది మొదలుపెట్టింది. తాత అడ్డం వచ్చాడు. "పులి కాదమ్మా, నేనే. నేనే బెదరగొట్టిన. తప్పంత నాదే."

"గడ్డం నెరిసింది, బుద్ధి రాలేదా నీకు?" అని మా అమ్మ ఊరందరి ముందూ తిట్టింది. పెద్దాయన తలవంచుకుని అన్నీ పడ్డాడు. తలుపు సంగతి మాత్రం నోట రానివ్వలేదు. సంచి భుజానికెత్తుకుని పోతూ నా దగ్గర ఆగి, నాకొక్కదానికే వినిపించేటట్టు అన్నాడు. "భయం నాకూ అయితది బిడ్డా. గడియ పెట్టేముందు తలకాయలు లెక్కబెట్టుకో, గంతే."

మా చెల్లెలికిప్పుడు మనవలున్నారు. ఆ రోజు సంగతి అడిగితే గిన్నెలో కోతిపిల్లే గుర్తుందంటుంది. తలుపు గుర్తులేదంటుంది. నిజంగానే లేదో, నా కోసం అంటుందో నేను అడగలేదు.

మా ఇంట్లో ఇప్పుడు నలుగురం. రోజూ పొద్దుగూకాక తలుపు వేసేది నేనే. కొడుకు, కోడలు, మనవరాలు, నేను అని లెక్కపెట్టుకుంటాను. లెక్క సరిపోయాక కూడా గడియ మీద చెయ్యి ఉంచి, ఐదో మనిషి కోసం ఒకసారి వాకిట్లోకి తొంగి చూస్తాను.