హులితా బల్ల మీద కొట్టిన దెబ్బలు

హులితాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, వింటే అర్థమవుతుంది. రాయమంటే మాత్రం చేయి ఆగిపోతుంది. మా బడిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ మాటకొస్తే మాలో చాలామంది పరిస్థితీ అదే. కాకపోతే మేమంతా నాలుగు పడికట్టు వాక్యాలు బట్టీపట్టి, వాటినే అటూ ఇటూ తిప్పి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం. హులితాకు అది చేతకాలేదు. ఆమె దగ్గర చెప్పాల్సిన విషయం ఎప్పుడూ ఎక్కువగా ఉండేది.

టోంగా దేశంలోని వవావు దీవిలో, నెయాఫు ఊరు దాటాక కొండ వాలున ఉంటుంది మా ప్రాథమిక పాఠశాల. నేను ఐదో తరగతికి చెబుతాను. నా పిల్లలు ఏడాది తిరగ్గానే ఆరో తరగతిలో హులితా చేతికి వెళ్లేవారు. నా దగ్గర నోరు విప్పనివాళ్లు అక్కడ గలగలా మాట్లాడుతుంటే మొదట్లో నాకు ఉక్రోషంగా కూడా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఆమె నాకంటే బాగా పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను లెసీ అంటుంది.

మా బడిని నడిపే సంఘం ఒక ఏడాది కొత్త నిబంధన తెచ్చింది. డిగ్రీ లేనివాళ్లు పై తరగతులకు టీచర్లుగా ఉండకూడదు, సహాయకులుగా మారాలి. రెండేళ్ల గడువు ఇచ్చారు. హులితా దగ్గర ఉన్నది పాత శిక్షణ కళాశాల సర్టిఫికెట్ ఒక్కటే. దాంతో సముద్రం అవతల ఉన్న ఒక యూనివర్సిటీలో దూరవిద్యకు చేరింది. మొదటి రెండు వ్యాసాలూ తప్పాయి. “మీరు ఏం చెప్పదలచుకున్నారో తెలియడం లేదు” అని రాసి పంపారు.

ఆ శనివారం ఆమె వంటపాకలో కర్రపెండలం చెక్కు తీస్తూ కూర్చుంది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె ఆడపడుచు కూతురు వాసిటి హైస్కూలు పిల్ల. వచ్చి ఫోన్ ముందు పెట్టింది.

“అత్తా, నువ్వు మన మాటలోనే చెప్పు. ఇందులోని ఏఐ ఇంగ్లీషులో రాసి పెడుతుంది.”

“తప్పు కదే.”

“మా క్లాసులో చెయ్యనిదెవరు? మా సారు ప్రశ్నపత్రమే దీంతో చేయించాడు. ‘ఇంకేమైనా సాయం కావాలా’ అని అది అడిగిన మాట కింద అలాగే ఉండిపోయింది. క్లాసంతా నవ్వు.”

హులితా నా వైపు చూసింది. నేను భుజాలెగరేశాను. ఆమె తడి చేతులు తుడుచుకుని, ఫోన్‌ను ఎవరో పెద్దమనిషిని పలకరించినట్టు పలకరించి, పిల్లలకు భిన్నాలు ఎలా చెబుతుందో టోంగన్‌లో చెప్పడం మొదలుపెట్టింది. ఆపకుండా చాలాసేపు చెప్పింది. తెర మీద ఇంగ్లీషు వరసలు వరసలుగా పడ్డాయి. ఆ వ్యాసానికి మంచి గ్రేడు వచ్చింది.

“ఇది నేను రాసిందేనంటావా లెసీ?” అని అడిగింది మర్నాడు చర్చి నుంచి వస్తూ.

“నువ్వు చెప్పిందేగా అక్కా.”

“చెప్పింది నేనే. చదువుతుంటే మాత్రం ఎవరో బూట్లేసుకుని మాట్లాడుతున్నట్టుంది.”

ఆమె భర్త పెనిసిమాని వెనకే నడుస్తున్నాడు. “నాతో కంటే దాంతోనే ఎక్కువ మాట్లాడుతోంది,” అన్నాడు. “చేపలెక్కడున్నాయో కూడా చెబుతుందంటే నాకూ ఒకటి కొనిపెట్టండి.”

అలా ఏడాది గడిచింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. ఇక మిగిలింది పెద్ద వ్యాసం, తన తరగతిలో ఒక బిడ్డను గమనించి రాయాల్సినది. హులితా ఫిపెను ఎంచుకుంది.

ఫిపె నాకు తెలుసు. నా తరగతిలో ఏడాదంతా కూర్చుని ఒక్క అక్షరం పలకలేదు. పుస్తకం తెరిస్తే కళ్లలో భయం. హులితా ఒకరోజు ఆడవాళ్లు చెట్టు బెరడును సుత్తులతో కొట్టి బట్ట చేసే పాకకు వెళ్లింది. అక్కడ ఫిపె వాళ్లమ్మ పక్కన కూర్చుని, చెక్క సుత్తి పట్టుకుని, పెద్దవాళ్లతో సమంగా, తాళం తప్పకుండా దుంగ మీద కొడుతోంది. కొడుతూ ఏదో పాడుతోంది కూడా. హులితా పక్కన చతికిలబడి, తనూ ఒక సుత్తి తీసుకుని, దెబ్బకొక అక్షరం చొప్పున “ఫ, లె” అంది. ఇల్లు అని. ఫిపె కొడుతూనే “ఫ, లె” అంది. “వ, క” అంటే “వ, క.” పడవ. మర్నాటి నుంచి ఆరో తరగతిలో బల్లల మీద దరువే. అక్షరం చూపించడం, కొట్టడం, పలకడం. వానాకాలం అయ్యేసరికి ఫిపె బైబిల్లో ఒక వచనం నిలబడి చదివింది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

దీన్నంతా హులితా ఫోన్‌కు చెప్పింది. అది దాన్ని తీసుకుని తనకు తోచినట్టు అలంకరించింది. మధ్యమధ్య పెద్ద పెద్ద మాటలు చేర్చింది. తరగతిలో ఎంత శాతం మెరుగుపడిందో అంకె వేసింది. చివర్లో నలుగురు పండితుల పేర్లు, వాళ్ల పుస్తకాల పేర్లు పెట్టింది. హులితా చదివింది. సగం అర్థమైంది. మిగతా సగం చదువుకున్నవాళ్ల భాష ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని పంపేసింది.

ఆ పండితులు లేరు. ఆ పుస్తకాలూ లేవు. వ్యాసం దిద్దిన యువ అధ్యాపకుడు వెతికి చూస్తే దొరకలేదు. విచారణకు హాజరు కావాలని కబురొచ్చింది.

ఆ సంగతి నాకు చెప్పి అడిగింది. “మనుషుల్ని కూడా పుట్టిస్తుందా లెసీ అది? నేను ఎవరి పేరూ చెప్పలేదే. ఫిపె పేరు, వాళ్లమ్మ పేరు తప్ప.”

మా ఊళ్లో ఏ సంగతీ దాగదు. దూరవిద్య కేంద్రంలో పనిచేసే అమ్మాయికి సగం నెయాఫు చుట్టాలే. వారం తిరక్కుండా బెరడు బట్ట పాకలో అందరూ అదే మాట. హులితా ఎప్పటిలాగే వెళ్లి కూర్చుంది. ఎదురుగా లోసలినె ఉంది. ఆమె కూతురు సెపి ఆరో తరగతే. అంతకు కొద్దిరోజుల ముందు సెపి వ్యాసం ఫోన్‌తో రాయించుకొస్తే హులితా తరగతిలో అందరి ముందూ నిలబెట్టి దొంగతనం అంది.

లోసలినె సుత్తి ఆపకుండానే అంది: “ఏమ్మా టీచరమ్మా, మా పిల్ల చేస్తే దొంగతనం, నువ్వు చేస్తే డిగ్రీనా?”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. హులితా తల వంచుకుని కొంతసేపు కొట్టింది. తర్వాత సుత్తి పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నా తరగతి గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది. మా రెండు గదుల మధ్య ఉన్నది చెక్క పలకల గోడే.

“సెపీ, నిలబడక్కర్లేదు, కూర్చో. నేనే నిలబడతాను. ఆ రోజు నిన్ను దొంగ అన్నాను. నువ్వు చేసిందే నేనూ చేశాను. నీకంటే ఎక్కువ సార్లు చేశాను. నువ్వు చిన్నదానివి, నీకు తెలీక చేశావు. నాకు తప్పేమోనని తెలుసు. తెలిసే చేశాను.”

తర్వాత ఎవరో, సెపి అనుకుంటాను, ఏడవడం వినిపించింది. నా పిల్లలు నా ముఖం చూస్తున్నారు. నేను బోర్డు వైపు తిరిగి ఏదో రాశాను.

విచారణ రోజున హులితా మా ఆచారం ప్రకారం నడుముకు మంచి చాప చుట్టుకుని, శవసంస్కారానికి వెళ్తున్నట్టు తయారై వచ్చింది. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు కాబట్టి నేను వెళ్లాను. దూరవిద్య కేంద్రంలో ఒక చిన్న గది, బల్ల మీద కంప్యూటరు. తెర మీద యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు కనిపించారు. మధ్యలో అధ్యక్షురాలు, ఒక పక్క ఆ యువ అధ్యాపకుడు, ఇంకో పక్క రాసుకునే ఆవిడ. మర్యాదగానే మాట్లాడారు. అది ఒప్పుకోవాలి.

“మీరు పేర్కొన్న ఈ నాలుగు పుస్తకాలూ చదివారా?” అధ్యక్షురాలు అడిగింది.

“లేదు.”

“మరి ఎందుకు పెట్టారు?”

“నేను పెట్టలేదు.”

నిజమే చెప్పింది. అంతకంటే చెడ్డ జవాబు ఇంకొకటి లేదు.

“అంటే వ్యాసం మీరు రాయలేదు.”

“నేను చెప్పాను. నా భాష. ఫోన్ రాసింది.” హులితా ఇంగ్లీషులో ఒక్కో మాటా ఏరుకుంటోంది. “పిల్ల ఉంది. ఫిపె. నిజం పిల్ల. చదువుతుంది ఇప్పుడు.”

“ఆ బిడ్డతో మీరు ఏం చేశారో మీ మాటల్లో వివరించగలరా?”

హులితా “నేను... పిల్ల...” అని ఆగిపోయింది. నేను ఉండబట్టలేక, “ఆమె టోంగన్‌లో చెబుతుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను” అన్నాను.

“క్షమించండి. తోడుగా వచ్చినవారు మాట్లాడకూడదు.”

అప్పుడు యువ అధ్యాపకుడు కల్పించుకున్నాడు. “ఆమెను తన భాషలోనే చెప్పనిద్దాం. ఇందులో అనువాదం చేసే ఏఐ ఉంది, ఆన్ చేస్తే సరిపోతుంది.”

అధ్యక్షురాలు అతని వైపు తిరిగింది. “మనం విచారిస్తున్నదే దాని గురించి కదా.”

అతను ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

అప్పుడు హులితా కుర్చీ ముందుకు జరుపుకుంది. వాళ్లకు చూపించాలనుకుంది. అరచేత్తో బల్ల మీద కొట్టి “ఫ” అంది. కొట్టి “లె” అంది. తర్వాత అక్షరాలు ఆపి దరువు మాత్రమే వేసింది, ఫిపె ఎలా అందుకుంటుందో ఆ ఖాళీలో వినిపించాలని. ఆ చిన్న గదిలో దరువు మోగిపోయింది. పాకలో ఆడవాళ్లు పది మంది కూర్చుని కొట్టినట్టే ఉంది.

తెర మీద ముగ్గురూ వెనక్కి జరిగారు.

“దయచేసి శాంతించండి,” అంది అధ్యక్షురాలు. “మీ కోపం మాకు అర్థమైంది. బల్ల కొట్టవలసిన అవసరం లేదు.”

“కోపం కాదు,” అంది హులితా. “ఇది పాఠం. మీరు వినండి.” మళ్లీ కొట్టింది.

“మాకు చప్పుడేమీ వినపడటం లేదు, మిసెస్ హులితా. మీరు కొట్టడం కనపడుతోంది, అంతే.”

తర్వాత ఆ కేంద్రంలో కంప్యూటర్లు చూసే అబ్బాయి చెప్పాడు. మీటింగు యాప్ దానంతటదే చప్పుళ్లు తీసేస్తుందట. ఫ్యాను, కుక్క అరుపు, తలుపు చప్పుడు, ఏదైనా సరే. మనిషి మాట కానిదంతా దానికి చప్పుడే. “అది మంచి కోసమే పెట్టారండీ,” అన్నాడు, తన తప్పేమో అన్నట్టు.

హులితా చేయి బల్ల మీద అలాగే ఉండిపోయింది. అరచెయ్యి ఎర్రగా కందింది. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని వాళ్లు అడిగారు. లేదు అని తల అడ్డంగా ఊపింది.

మా ప్రధానోపాధ్యాయుడు ఫిపె గురించి ధ్రువీకరణ పంపాడు. బిడ్డ ఉందా లేదా అన్నది మా ప్రశ్న కాదు, లేని పుస్తకాలు చూపించడమే తప్పు అని బదులొచ్చింది. అదీ నిజమే. ఆ కోర్సు తప్పినట్టు, ఏడాదిపాటు చదువు నిలిపివేసినట్టు తీర్పు ఇచ్చారు. దాంతో బడి గడువూ దాటిపోయింది.

కొత్త ఏడాది ఆరో తరగతికి రాజధాని నుంచి డిగ్రీ చేసిన అమ్మాయి వచ్చింది. హులితా అదే గదిలో సహాయకురాలు. అమ్మాయి మంచిదే, పెద్దదానికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేది. పాఠాల పథకాలు మాత్రం అన్నీ ఏఐతోనే చేయించేది. టీచర్లు వాడుకోవచ్చని సంఘమే అనుమతించింది, సమయం ఆదా అవుతుందని శిక్షణ కూడా ఇచ్చింది. ఒకరోజు హులితా జిరాక్స్ తీస్తూ ఆ కాగితం నాకు చూపించింది. రైళ్ల వేగం లెక్కలు. మా దీవిలో రైలు చూసిన బిడ్డ ఒక్కరూ లేరు.

“చెప్పకపోయావా?” అన్నాను.

“ఏమని చెప్పను? దీంతో చేసినవి నమ్మకూడదనా? నేనా?”

ఆ ఏడాది ఆమె చిక్కిపోయింది. ఆదివారం విందులో కూడా, చేమాకులో కొబ్బరిపాలు పోసి కాల్చిన మాంసం ముందు పెట్టుకుని, ఒక్క ముద్ద తిని చేయి కడిగేసేది. పెనిసిమాని హాస్యాలు మానేశాడు. ఒకసారి నాతో అన్నాడు: “ఇంట్లో ఒక్కతే కూర్చుని ఇంగ్లీషు పలుకుతోందమ్మా. నేను వస్తే ఆపేస్తోంది. నా దగ్గర సిగ్గేంటి దానికి?”

నిలిపివేత ముగిశాక మళ్లీ ఆ కోర్సుకు ఫీజు కట్టింది. ఫిపె గురించే మళ్లీ రాసింది, ఈసారి తన చేత్తో, తనకొచ్చిన ఇంగ్లీషులో. నేను దిద్దుతానన్నాను. వద్దంది. వాసిటి చూస్తానంది. ఆ పిల్లనూ వద్దంది. నాలుగేసి మాటల వాక్యాలు. “పిల్ల మాట్లాడదు. నేను పాకకు వెళ్లాను. పిల్ల కొడుతుంది. నేను కొడతాను.” అలా మొత్తం రాసింది.

మూడు మార్కుల్లో పోయింది. ఈసారీ ఆ యువ అధ్యాపకుడే దిద్దాడు. ఆలోచన విలువైనదే గాని భాష డిగ్రీ స్థాయికి తగినట్టు లేదని, రాతలో సాయం తీసుకోమని సలహా ఇచ్చాడు. ఏ సాయం అన్నది మాత్రం చెప్పలేదు.

పునఃపరిశీలనకు అడగమని నేను, ప్రధానోపాధ్యాయుడు ఎంత చెప్పినా వినలేదు. ఆయన గదికి వెళ్లి, ఒకటో తరగతిలో వెయ్యమని అడిగింది. ఒకటో తరగతికి అంతా టోంగన్‌లోనే చెబుతారు. అక్కడా సహాయకురాలే, జీతం ఇంకా తక్కువ. ఆయన సంతకం పెట్టాడు.

ఇప్పుడు అక్కడే ఉంది. మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ కుళాయి దగ్గర కనిపించింది. పిల్లలు వరసలో నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని సబ్బుతో కడుగుతోంది.

“మళ్లీ కట్టవా అక్కా?” అన్నాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

“నాకు ఇంగ్లీషు రాదు లెసీ,” అంది. “ఈ ఒక్క మాట బయటికి అనడానికి నాకు ఇంత కాలం పట్టింది. ఇంకేం కట్టను?”

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. వరసలో తర్వాతి బిడ్డ చేతులు చాపింది. గోళ్లలో మట్టి ఉందని హులితా ఆ వేళ్లు వెలుగుకు తిప్పి చూస్తోంది. బడి గంట కొట్టారు. నేను నా తరగతికి వెళ్లిపోయాను.