ఉతికి ఆరేసిన దుమ్ము సంచి

ఆడికృత్తిక పండగకు కొండకు పోయే కావళ్ళు వెళ్ళిపోయిన మరుసటి ఆదివారం, పొద్దున సరిగ్గా పదకొండుంబావుకు, నగరిలో మా మిద్దె మీద బట్టల తీగకు, నా రవికకూ మా కొడుకు లుంగీకీ నడుమ, దుమ్ము లాగే మిషను సంచి ఒకటి క్లిప్పులు పెట్టుకుని ఆరుతూ కనిపించింది. వేళ ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, పదకొండింటికి కరెంటు పోయి వీధిలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి, ఆ సద్దు లేని కాసేపట్లో ఎండుమిరపకాయలు తిరగేసి వద్దామని నేను మెట్లెక్కాను. పక్క మిద్దె మీదున్న టైలరు సాయబు భార్య నాకన్నా ముందే దాన్ని చూసినట్టుంది, పిట్టగోడ మీద వాలి, "ఏందక్కా, మీ ఇంట్లో ఏనుగు తొండానికి తొడుగు ఉతికినారా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ సంచి ఉతకడానికి కాదు, విప్పడానికీ కాదు. నిండితే నిండినట్టే మూతి మూసి చెత్తబండిలో పడేయడానికి. అందుకోసమే కదా తిరుపతి అంగడిలో నలుగురి ముందూ కొడుకును కడిగేసి మరీ కొనిపించాను.

మా కోడలికి ఉబ్బసం. మా ఇంట్లో ముందు హాలంతా మగ్గాలు, వెనక రెండు గదుల్లో మేము. మగ్గం ఆడినంతసేపూ నూలు మీది నూగు గాల్లోకి లేస్తూనే ఉంటుంది, అన్నం మీదా దేవుడి పటం మీదా పడుతుంది. చీపురు పట్టవద్దు, దుమ్ము లేపకుండా లాగేసే మిషను కొనుక్కోమని తిరుపతి డాక్టరు చెప్పాడు. అంగడిలో రెండు రకాలు పెట్టారు, సంచి ఉన్నదొకటి, సంచి లేనిదొకటి. సంచి లేనిదానికి అద్దంలాంటి డబ్బా ఉంటుంది, లాగిన దుమ్మంతా అందులో సుడి తిరుగుతూ కళ్ళకు కనిపిస్తుంది, మళ్ళీ మళ్ళీ సంచులు కొనే పని లేదని అంగడివాడు చెబుతుంటే మా కొడుకు ముఖం వెలిగిపోయింది. అంగడివాడు చాప మీద ఇంత పిండి చల్లి, లాగి, డబ్బా మూత తీసి బుట్టలో టపటపా తట్టాడు. పిండి పొగలా లేచింది. మా కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది.

"దీనికి మిషన్ను సూస్తేనే దగ్గొస్తాది" అని కొడుకు అంగడివాడితో పరాచికమాడాడు.

నేను ఒకటే అడిగాను. "ఆ డబ్బా దినామూ ఎవురు తట్టేదిరా?"

"ఇంట్లో ఎవురో ఒకరు తడతారు లేమా."

"ఆ ఎవురో ఒకరు ఇదో, ఈడ నిలబడి దగ్గతా ఉండాది. కండ్లు పెట్టుకుని సూడు."

అంగడివాడు సంచి ఉన్న మిషను పెట్టె దించాడు. దారి పొడుగునా కొడుకు మూతి ముడుచుకునే కూర్చున్నాడు. నేను పట్టించుకోలేదు.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, అందుకని మాట మెత్తగా తిప్పి రాయడం చేతకాదు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి సంగతి, ఈ వీధిలో దారానికి సంబంధించినది ఏదీ పారేయరని. మగ్గాల కింద రాలిన నూగును మా అత్త పొద్దూ మాపూ ఊడ్చి, ఉండలు చేసి, గోనెలో కూరి దాచేది. గోనె నిండితే నేతలో తప్పుపడిన లుంగీ గుడ్డతో దిండు కుట్టి అందులో నింపేది. మా వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా ఆ దిండ్లే, పచ్చగళ్ళవీ నీలిగళ్ళవీ. బూరుగుదూది కొనుక్కునే ఊళ్ళవాళ్ళను చూసి మేము జాలిపడేవాళ్ళం. నా ఈడు నేతవాళ్ళు ఇది చదివితే తమ ఇంటి దిండ్లు గుర్తొచ్చి ఒకసారి తల తడుముకుంటారు.

మా తోడికోడలు, అంటే మా బావగారి భార్య, నాకన్నా ముందు వచ్చిన కోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని. చాలా అందమైన మనిషి, నవ్వితే మగ్గం ఆపి చూడాలనిపించేది. ఆమెకు దగ్గు పట్టుకుంది. చిత్తూరు ఆసుపత్రిలో చూపిస్తే, ఈమె దుమ్ములో పని చేయకూడదన్నారు. మా అత్త ఆ మాట అక్షరాలా పాటించింది. పాటించలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. కోడల్ని మగ్గం దగ్గరి నుంచి లేపి, వెనక గదిలో మంచం వేసి పడుకోబెట్టి, తల ఎత్తుగా ఉంటే దగ్గు అణుగుతుందని తన చేత్తో కొత్త దిండు కుట్టి పెట్టింది. దగ్గు పెరిగింది. రెండో దిండు కుట్టింది. మగ్గం మానుకున్నా, మంచం దిగకపోయినా దగ్గు తగ్గకపోవడం చూసి ఇంట్లో అందరికీ ఒకటే అర్థమయింది, ఇది రోగం కాదు, ఒళ్ళు వంచలేక ఆడే నాటకమని. మా అత్త వచ్చేపోయేవాళ్ళకు ఆమెను చూపించి, "మా కార్వేటినగరం రాణెమ్మను సూసినారా? ఒక దిండు సాలదంట, రెండు గావాలంట. ఇంగ వింజామరలు ఇసిరేవాళ్ళను యాడ తెచ్చేది?" అనేది. ఆ మాటకు వీధంతా నవ్వేది. అక్క కూడా నవ్వబోయేది, నవ్వు దగ్గులోకి తిరిగేది, అది చూసి ఇంకొంచెం నవ్వేవాళ్ళు.

మూడో దిండు అక్కే అడిగింది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, ఇంకొకటి ఇస్తే కూర్చునే నిద్రపోతానని బతిమాలింది. మా అత్త సణుగుతూనే ఇచ్చింది. ఆ దిండ్ల గుట్టకు చెంప ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే ఒక తెల్లవారుజామున పోయింది. చూడవచ్చిన ఆడవాళ్ళు, పాపం అత్త ఎంత బాగా చూసుకుంది, మూడు దిండ్లు వేసింది అని మెచ్చుకున్నారు. అన్నీ అయిపోయాక ఇల్లు కడిగే రోజు మా అత్త ఆ దిండ్లను పెరట్లో బండకేసి కొట్టింది. ఒక్కో దెబ్బకు బూడిదరంగు మబ్బు లేచి గోడ కనపడకుండా పోయింది. పక్కనే నీళ్ళబిందెతో ఉన్న నేను ముక్కు మూసుకున్నాను, అప్పుడు తెలిసింది నాకు. మగ్గం దగ్గర నిలబడి దూరం నుంచి పీల్చిన దాన్ని అక్క చివరి రోజుల్లో ముక్కుకు ఆనించుకుని పీల్చింది. ఆ సంగతి మా అత్తతో అంటే, తలస్నానం చేసిన మనిషి తువ్వాలు విదిల్చినంత తేలిగ్గా, "నూగుకు సచ్చేటట్టుంటే ఈ ఈదిలో ఒకరు మిగలరే" అంది. ఆ మూడు దిండ్లనూ తనే తీసుకుని చాలా ఏళ్ళు పడుకుంది. ఒక్క రోజు దగ్గలేదు. ముసలితనంతో, శుభ్రమైన గుండెతో, హాయిగా పోయింది. దుమ్ము కూడా మనిషిని చూసి మరీ పడుతుంది.

తీగ మీది సంచిని చూడగానే నాకు కళ్ళ ముందుకు కొట్టుకొచ్చింది ఇదంతా. ఇది కొడుకు పనేనని, మళ్ళీ సంచి కొనడం ఇష్టం లేక భార్య చేత చింపించి ఉతికించాడని నిశ్చయించుకున్నాను. పేరు పెట్టి కిందికి కేకేసి పైకి పిలిచాను. వాడు మెట్టు ఎక్కీ ఎక్కకముందే, "మీ అవ్వ దిండ్లు పెట్టి సంపింది, నువ్వు సంచి పెట్టి సంపు. మూరెడు గుడ్డకన్నా ఆడదాని ఊపిరి సౌక అయిపోయిందేమిరా నీకు?" అని నోటికొచ్చినవన్నీ అన్నాను. రాయదగినవి ఇవి. పక్క మిద్దె ఆమె తనూ ఆరబోస్తున్న మిరపకాయలు వదిలేసి పిట్టగోడకు ఇంకా దగ్గరగా జరిగింది.

వెనకనే మా కోడలు ఎక్కి వచ్చింది. రెండు మెట్లకు ఒకసారి ఆగుతూ. ఒక చేతిలో నోట్లోకి కొట్టుకునే మందు, ఇంకో చేతిలో పాత హ్యాండుబ్యాగు నుంచి ఊడదీసిన జిప్పు.

"ఆయన్న... అనొద్దత్తా. నేనే సించి, దులిపి, ఉతికినా. గట్టి గుడ్డ. మూతికి ఈ జిప్పు కుట్టుకుంటే ఎన్నాళ్ళైనా వస్తాది. పారేయాలంటే సెయ్యి రాల్యా."

ఏం చెప్పను. నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల. దులిపేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకున్నానని కూడా చెప్పింది, నన్ను సంతోషపెట్టడానికి. నేను పిట్టగోడ వైపు చెయ్యి చాపి, "మీ ఆయన కత్తెర ఇయ్యమ్మా" అన్నాను. సాయబు కత్తెర మంచి పదును. సంచిని తీగ మీద ఉండగానే నాలుగు ముక్కలు కోశాను. కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నా మాటకు కాదు, గుడ్డకు. తరువాత వంగి, దగ్గుకుంటూ, ఆ ముక్కలన్నీ ఏరి మడతపెట్టి నడుముకు దోపుకుంది. పొయ్యి మీది గిన్నె దించడానికి పనికొస్తాయట.

మా రోజులకూ ఈ రోజులకూ చాలా మారిందని అందరూ అంటారు. మారింది, కాదనను. చీపురు పోయి మిషను వచ్చింది, నూగు దిండ్లు పోయి స్పాంజి దిండ్లు వచ్చాయి. ఆ కాలంలో కోడలి ఊపిరి తీయడానికి ఒక అత్త పొద్దూ మాపూ కష్టపడవలసి వచ్చేది. ఇప్పుడు అత్త కత్తెర పట్టుకుని అడ్డం నిలబడినా, కోడలు ఆ పని తన చేత్తో తనే కుట్టుకుంటున్నది. అక్క ఉంటే నవ్వేది, దగ్గు రాకపోతే.

కరెంటు వచ్చింది, కింద మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి, నూగు లేచింది. ఆ ఆదివారం మిద్దె మీద ఉన్నవాళ్ళం నేను, నా కొడుకు, పిట్టగోడకు అవతల టైలరు సాయబు భార్య, నడుములో నాలుగు గుడ్డముక్కలతో మా కోడలు.